గ్రంథాలయోద్యోగియు ఇరువదిమూడు పనులును

మన తెలుగు శాఖలలో గ్రంథకర్తను గూర్చియు, కాలనిర్ణయమును గూర్చియు, పాఠభేదములను గూర్చియు చర్చ విశేషముగా జరుగుచున్నది. ఆ గ్రంథమును బీరువానుండి తీసి మన చేతి కందించు ఉద్యోగిని గూర్చిన చర్చ మిక్కిలి యరుదు. పరిశోధకుడు తన సిద్ధాంత గ్రంథపు తొలిపుటలలో ఆయనకు ఒక వాక్యముతో కృతజ్ఞత తెలిపి ఊరకుండును. గడచిన ఇరువది సంవత్సరములలో ఆ యుద్యోగి పని స్వరూపమే మారినది. అంతర్జాలమున పాఠకుడు చదువుటయే గాక వ్రాయుటకును, పేరు పెట్టుటకును, దిద్దుటకును వీలు కల్పించు సాధనములు వచ్చినవి. వానినే సామాజిక జాల సాధనము లనుచున్నారు. గ్రంథాలయోద్యోగి వీనిని ఎట్లు నేర్చెను, నేర్చినదానిలో నిలిచినదేది, మన తెలుగు గ్రంథములకు దానివలన కలుగు ప్రయోజనమేమి యనునవి ఈ వ్యాసమున మేము పరిశీలింపదలచిన విషయములు. ఇందులకు ప్రధానముగా గైకొనిన యుదాహరణము 2006లో అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్రమున, షార్లట్ నగరపు పౌర గ్రంథాలయమున జరిగిన యొక ప్రయత్నము.

ఆనాటి పరిస్థితిని ముందుగా కొంత తెలిసికొనవలెను. తొలిదినములలో జాలపుట గోడకంటించిన ప్రకటన వంటిది. వ్రాయువాడొకడు, చదువువారు పలువురు. 2001లో వికీపీడియా, 2003లో డెలిషియస్, 2004లో ఫ్లికర్, 2005లో యూట్యూబు వెలువడుటతో ఈ భేదము సడలినది. ‘వెబ్ 2.0’ అను పేరు 2004 నుండి వ్యాప్తికెక్కగా, దాని ననుసరించి 2005లో మైకేల్ కేసీ అను నతడు ‘లైబ్రరీ 2.0’ అను మాటను ప్రచారములోనికి తెచ్చెను. పేర్లు పుట్టినవి గాని బల్లకడ కూర్చున్న ఉద్యోగికి వస్తుపరిచయము లేదు. పాఠకుడు వచ్చి తన ఛాయాచిత్రములను ఫ్లికరునందు ఉంచుట ఎట్లని యడిగినచో, ఆ పేరే విననివాడేమి చెప్పగలడు? వర్గీకరణమున ఆరితేరినవారు సైతము తమ బల్లకడ తామే క్రొత్తవారైరి.

షార్లట్, మెక్లెన్‌బర్గ్ కౌంటీ పౌర గ్రంథాలయమున సాంకేతిక విభాగమును చూచుచుండిన హెలీన్ బ్లవర్స్ అను నామె ఈ చిక్కునకు ఒక యుపాయము నాలోచించెను. స్టీఫెన్ ఏబ్రమ్ అను గ్రంథాలయవేత్త అదే సంవత్సరమున, తాను నేర్వదలచిన నలుబదిమూడు పనులను గూర్చి యొక వ్యాసము ప్రకటించియుండెను. ఆమె దానిని చూచి, ఉద్యోగులందరు నేర్వదగిన 23 పనులను ఏర్చి, తొమ్మిది వారముల కార్యక్రమముగా కూర్చెను. 2006 ఆగస్టునందు అది ప్రారంభమైనది. ఉపన్యాసములు లేవు, శిక్షకుడు లేడు, పరీక్ష లేదు. వారమునకు రెండుమూడు పనులు చొప్పున సూచనలు ఒక జాలపుటలో నుండును. ఎవరికి వారు తీరిక వేళ చేసికొనవలెను. తెలియనిచో ప్రక్క బల్లవారి నడుగవలెను. పూర్తిచేసినవారికి పాటలు వినెడి చిన్న యంత్రము బహుమానము. పెద్దవారికి ఈ బొమ్మల బహుమానమేమని మేము మొదట నవ్వుకొంటిమి. కాని ఆ యంత్రముకూడ ఆనాడు నేర్వవలసిన వస్తువులలో నొకటియే యని తరువాత తోచినది.

ఈ 23 పనుల క్రమము గమనింపదగినది. తొలి రెండు పనులలో సాధనముల ప్రసక్తియే లేదు. జీవితాంతము నేర్చువానికి ఉండవలసిన అలవాట్లు ఏడున్నర యని లెక్కించి, కడపటి అర అలవాటు ‘ఆట’ యని చెప్పిరి. మూడవ పని, ఉద్యోగి తన పేర నొక బ్లాగు తెరచుట. ఇష్టములేనివారు మారుపేరుతో తెరువవచ్చును. ఇక ముందు చేయు ప్రతి పనిని గూర్చియు అందులో వ్రాయుచుండవలెను. మా యభిప్రాయమున కార్యక్రమమంతటికి పట్టుగొమ్మ యిదియే. ఫ్లికరును చూచుటతో పని ముగియదు; చూచి తానేమనుకొనెనో, ఎచ్చట తబ్బిబ్బుపడెనో పదిమంది చదువునట్లు వ్రాయవలెను. ఇట్లు వ్రాయుటవలన రెండు ఫలములు కలిగినవి. చదివిన సహోద్యోగికి ‘నాకును ఇచ్చటనే చిక్కుపడినది’ అను ధైర్యము కలిగినది. అంతకు ముందు పుస్తకముల పేర్లు తప్ప ఏమియు వ్రాయని ఉద్యోగి తన పనిని గూర్చి తన మాటలలో చెప్పుకొన నేర్చెను. తరువాతి పనులు ఛాయాచిత్రములు, వార్తలను మన ముంగిటికే తెచ్చియిచ్చు ఆరెస్సెస్ ఓడలు, పదునొకండవదిగా లైబ్రరీథింగ్, పదుమూడవదిగా డెలిషియస్, పదునారు, పదునేడు పనులుగా వికీలు, పిదప చలనచిత్రములు, శ్రవ్యపాఠములు. కడపటిది నేర్చినదానిని నెమరువేసికొనుట.

వీనిలో గ్రంథాలయశాస్త్రమునకు నేరుగా తగిలినవి లైబ్రరీథింగును డెలిషియసును. రెంటియందును పాఠకుడు తాను చూచినదానికి తనకు తోచిన గుర్తుమాటను తగిలించును. దీనిని టాగు అందురు. ఇట్లు జనులు పెట్టుకొనిన పేర్ల సముదాయమునకు థామస్ వాండర్ వాల్ 2004లో ‘ఫోక్సానమీ’ యని పేరిడెను. జనవర్గీకరణమని మనము చెప్పుకొనవచ్చును. గ్రంథపాలకుని శిక్షణ దీనికి పూర్తిగా వ్యతిరేకమైనది. ఒక విషయమునకు ఒకే శీర్షిక యుండవలెను, పర్యాయపదములన్నియు దానికి లోబడి యుండవలెను, అపుడే ఆ విషయమునకు సంబంధించిన గ్రంథములన్నియు ఒక్కచోట చేరును. ఈ నియమము వట్టి చాదస్తము కాదు. దీని సౌలభ్యమును పరిశోధకుడు అనుదినము అనుభవించుచునే యున్నాడు. కాని శీర్షికను నిర్ణయించినవాని మాటయు, వెదకువాని మాటయు ఒకటి కాకున్నచో ఆ సౌలభ్యము వట్టిదగును. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారు వంటల పుస్తకములకు ‘కుకరీ’ యను శీర్షికను చిరకాలము వాడిరి. వెదకువారు ‘కుకింగ్’ అనుచుండిరి. దానిని మార్చుటకు 2010 దాక ఆగవలసివచ్చినది. పాఠకుల గుర్తుమాటలను చూచినవానికి ఈ సంగతి ఒక దినమున తెలిసియుండును.

అట్లని పాఠకుని మాటయే ప్రమాణమనుటయు సరికాదు. లైబ్రరీథింగునందు పాఠకులు తఱచుగా వాడు గుర్తుమాటలలో ‘చదువవలసినది’, ‘ఇంకను చదువనిది’ మొదలగునవి కలవు. అవి పెట్టుకొనినవానికి అక్కరకు వచ్చును గాని ఇతరుల కేమియు తెలుపవు. శీర్షిక, గుర్తుమాట యను రెండును ఒకదానికొకటి శత్రువులని కొందఱు వ్రాసిరి. రెంటికిని నడుమ కూర్చుండి తూచువాడొకడు కావలెననియు, ఆ తూచువాడు గ్రంథాలయోద్యోగియే యనియు మా తలంపు. దీనికి 2008లో మంచి నిదర్శనము దొరకినది. ఆ జనవరిలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారు తమ ప్రాతచిత్రములలో మూడువేలకు పైగా ఫ్లికరునందుంచి, తెలిసినవారు వివరములు చెప్పుడని పాఠకులను కోరిరి. కొన్ని నెలలలో 67,176 గుర్తుమాటలు వచ్చినవి. చిత్రములోని వీథి యేదో, మనుష్యుడెవరో, ఏ సందర్భమున తీసినదో చెప్పుచు పలువురు వ్యాఖ్యలు వ్రాసిరి. ఉద్యోగులు వానిని పరిశీలించి, ఆధారము సరిచూచి, ఆ సంవత్సరాంతమునకు లోపలనే 500కు పైగా చిత్రముల వివరములను తమ సొంత సూచికయందు సవరించిరి. సంఖ్యలలోని యంతరమును గమనింపవలెను. వచ్చిన మాటలు వేలకొలది; పరీక్షకు నిలిచి సూచికకెక్కినవి వందలు. ఆ వందలైనను బయటివారు చెప్పకున్నచో చేరెడివి కావు.

ఇక మన సంగతి. కొన్ని సంవత్సరముల క్రిందట మా విద్యార్థియొకడు ఒక ప్రాత శతకమునకై ఒకానొక గ్రంథాలయమునకు పోయి, సూచికయందు వెదకి వెదకి లేదని తిరిగి వచ్చెను. మఱునాడు మేమును వెంటబోతిమి. అచ్చటి వృద్ధోద్యోగి పేరు వినిన వెంటనే లోనికి పోయి ఆ పుస్తకమును తెచ్చి యిచ్చెను. “సూచికలో దొరకదు బాబూ, దానికి మొదటి అక్షరమే తప్పు పడినది” అని ఆయన చెప్పెను. సూచిక రోమను లిపిలో నున్నది. అక్షరములపై గీతలును క్రింద చుక్కలును పెట్టలేదు. అట్టి వ్రాతలో కల, కళ, కాల, కాళ యను నాలుగును ఒకే రూపమును దాల్చును. భారత డిజిటల్ లైబ్రరీ యందు చేర్చిన తెలుగు గ్రంథములకును ఇదే గతి పట్టినది. వేలకొలది పుస్తకముల పుటలు చిత్రములుగా భద్రమైనవి గాని, పేర్లు మాత్రము రోమను లిపిలో తప్పుల తడకగా పడినవి. పుస్తకమున్నది, పేరు లేదు. ఆ వృద్ధోద్యోగి మరుసటి సంవత్సరమున ఉద్యోగవిరమణ చేసెను. ఏ పుస్తకము ఏ తప్పుపేరున దాగియున్నదో ఆయనకు తెలిసినదంతయు ఆయనతోనే ఇంటికి పోయినది.

తెలుగులిపిలో సూచిక యుండినను కష్టము తొలగదు. ‘వాఙ్మయము’ అను మాటనే ఎన్ని విధముల వ్రాయుదురో మనమందఱము ఎఱిగినదే. అంతకంటె పెద్ద చిక్కు మఱియొకటి. అనేక గ్రంథాలయములలో తెలుగు పట్టికలను అచ్చుపనికై చేసిన అను మొదలగు ప్రాత ఫాంట్లలో కొట్టించిరి. కాగితముపై అది తెలుగే. యంత్రమునకు మాత్రము రోమను అక్షరముల పోగు. యూనికోడులోనికి మార్చనిదే దానిలో దేనిని వెదకినను దొరకదు. కావున షార్లట్ వారి 23 పనులకు ముందు మనవారికి సున్నపు సంఖ్యగల పని యొకటి కలదు: యూనికోడు తెలుగును ఇన్‌స్క్రిప్టు మీటలతో గాని మఱియొక పద్ధతితో గాని తడబాటు లేక కొట్టుట. ఇది నేర్వని యుద్యోగికి తక్కిన సాధనములన్నియు ఇంగ్లీషు ఆటలుగానే మిగులును.

ఆ పని నేర్చినవానికి తగిన తదుపరి పని తెలుగు వికీసోర్సునందు సిద్ధముగా నున్నది. అచ్చట స్వామ్యహక్కులు తీరిన గ్రంథముల పుటచిత్రమొకవైపున, దాని పాఠము మఱియొకవైపున కనబడును. యంత్రము చదివిన పాఠమున తప్పులుండును. ఒకరు దిద్దిన పుట పసుపు రంగును, మఱియొకరు సరిచూచిన పుట ఆకుపచ్చ రంగును పొందును. దిద్దినవాడే సరిచూచుటకు వీలులేదు. ఎవడు ఎప్పుడు ఏమి మార్చెనో చరిత్రపుటలో నిలిచియుండును. తాళపత్రపాఠములను సరిచూచిన మన పరిష్కర్తలకు ఈ పద్ధతి వింతగా తోపదు. ఉద్యోగికి దీనివలన పాఠనిర్ణయపు శ్రమ తెలియుటయే గాక, తాను దిద్దినది వెనువెంటనే పదిమందికి వెదుకుటకు దొరకుచుండుట కన్నులార కనబడును.

షార్లట్ కార్యక్రమమును పునర్వినియోగమునకు అనుమతించు లైసెన్సుతో ప్రకటించుటచే అది దేశదేశముల వ్యాపించినది. ఆస్ట్రేలియాలో మెల్బోర్ను ప్రాంతపు యారా ప్లెంటీ గ్రంథాలయము వెంటనే చేపట్టెను. 2010లో ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములును, 2016లో ఎడింబరో విశ్వవిద్యాలయమును తమకు తగినట్లు మార్చుకొనినవి. ఇంతలో ఆ మొదటి పట్టికలోని సాధనములు ఒక్కొక్కటే రాలిపోయినవి. ఓడలను చదువుటకు పలువురు నమ్ముకొనిన గూగుల్ రీడరును 2013 జూలైలో మూసివేసిరి. డెలిషియస్ చేతులు మారి మారి 2017లో క్రొత్త గుర్తుల చేర్పు నిలిచిపోయినది. నాడు శ్రమపడి నేర్చినవారు మోసపోయిరా యను ప్రశ్న పుట్టును. కంపెనీల యింట దాచుకొనిన గుర్తులు పోయినమాట నిజము. అందువలననే మేము వికీసోర్సు వంటి యుమ్మడి సొత్తును మొదట చెప్పితిమి. కాని ఒక సాధనమును భయములేక తెరచి, నాలుగు మీటలు నొక్కి, తప్పిన చోటును వ్రాసిపెట్టుకొను అలవాటు ఏ కంపెనీ మూసివేయగలది కాదు. ఫ్లికరు, లైబ్రరీథింగు, వికీలు నేటికిని నడచుచున్నవి.

దీనికి కావలసినది కాలము. మన గ్రంథాలయములలో ఒక్కరే ముగ్గురి పని చేయు చోటులు కలవు. అట్టివారిని రాత్రివేళ ఇంట కూర్చుండి నేర్చుకొనుమనుట న్యాయము కాదు. వారమునకు ఒక గంటయైనను విధిలో భాగముగా ఇచ్చినగాని ఈ మాటలన్నియు కాగితమునకే పరిమితమగును. ఆ గంటను అడుగవలసినవారము ఆ బల్లకడ నిత్యము చేతులు చాచు మనమే.

గత వేసవిలో మా విద్యార్థులిద్దఱు పైని చెప్పిన వృద్ధోద్యోగి యింటికి వారమునకొక పర్యాయము పోవుచుండిరి. ఆయన చెప్పుచుండ నొకడు యూనికోడు తెలుగులో కొట్టుచు, సూచికలోని తప్పుపేరు నొక వరుసలోను, సరియైన పేరును మఱియొక వరుసలోను వ్రాయుచుండెను. మూడవ వారమున ఆయన మీటలపలకను తనవైపునకు త్రిప్పుకొని, ఒక్కొక్క యక్షరమును వెదకుకొనుచు తానే కొట్టుట మొదలిడెను. మొదట ఆయన కొట్టినది ఆ శతకము పేరే. ప్రక్కన “రెండవ కూర్పు, మొదటి కూర్పునకు పేరు వేరు” అని చేర్చెను. ఆ రెండవ సంగతి మాకెవ్వరికిని అంతవఱకు తెలియదు.