గట్టి వాచీని గుర్తుపట్టటం ఎలా?

చేతి గడియారం కొనటానికి వెళ్ళినవారు మొట్టమొదట చూసేది డయలు. అంకెలు అందంగా ఉన్నాయా, ముళ్ళు మెరుస్తున్నాయా, చేతికి నప్పిందా అని చూస్తారు. ఆ తరవాత ధర అడుగుతారు. చివరికి "టైము సరిగ్గా చూపిస్తుందా?" అంటారు. దుకాణదారు "ఢోకా లేదు" అంటాడు. అతను చెప్పేది నిజమే. కాని అసలు అడగవలసిన ప్రశ్న అది కాదు.

రోజూ వాడే వాచీలు ఎలా పాడవుతాయో గమనించండి. ఒకటి బల్లమీదినుంచి కింద పడి ఆగిపోతుంది. ఒకదాని అద్దం లోపల ఆవిరి పడుతుంది. ఒకదాని పూత చెమటకు ఊడిపోతుంది. మరొకటి బెల్టు ఊడి బస్సులో ఎక్కడో జారిపోతుంది. టైము తప్పు చూపిస్తున్నదని పారవేసిన వాచీ చాలా అరుదు. కనక తక్కువ డబ్బుతో వాచీ కొనేవారు గుర్తుంచుకోవలసిన సూత్రం ఒకటున్నది: కాలాన్ని కొలిచే భాగం చవక; డబ్బు పెట్టవలసింది దాన్ని కాపాడే భాగాలకు. ఇది ఎలా నిజమో చూద్దాం.

ఫోనులో టైము కనిపిస్తూండగా వాచీ ఎందుకని మీరు అడగవచ్చు. పరీక్ష హాలులోకి ఫోను రానివ్వరు కదా! మూడు గంటల పేపరులో ఏ ప్రశ్నకు ఎన్ని నిమిషాలు కేటాయించాలో తెలియాలంటే చేతికి వాచీ ఉండవలసిందే. (కొన్ని ప్రవేశపరీక్షల్లో వాచీని కూడా అనుమతించరు. హాల్ టికెట్టు మీది నిబంధనలు ముందే చదువుకోవాలి.)

సెకనుకు 32,768 కంపనాలు

ఇప్పుడు దుకాణాల్లో దొరికే మామూలు వాచీల్లో ఎక్కువ భాగం క్వార్ట్జ్ వాచీలు. క్వార్ట్జ్ అంటే ఒక రకం స్ఫటికం. దాన్ని నొక్కితే దాని ముఖాల మీద విద్యుదావేశం పుడుతుంది. ఈ సంగతిని 1880లో ఫ్రాన్సులో జాక్ క్యూరీ, పియరీ క్యూరీ అనే సోదరులు కనుక్కున్నారు. ఇది తలకిందులుగా కూడా జరుగుతుంది. స్ఫటికానికి విద్యుత్తు ఇస్తే అది అతి స్వల్పంగా ఆకారం మార్చుకుంటుంది. విద్యుత్తును మార్చి మార్చి ఇస్తే కంపిస్తుంది.

మీ ప్రయోగశాలలో శ్రుతిదండం చూసి ఉంటారు. వాచీలోని స్ఫటికాన్ని అదే ఆకారంలో, కొద్ది మిల్లీమీటర్ల పొడవున కోస్తారు. అది సెకనుకు సరిగ్గా 32,768 సార్లు కంపిస్తుంది. ఈ సంఖ్యే ఎందుకు? 2ను 15 సార్లు వేసి గుణించి చూడండి. 32,768 వస్తుంది. ఒక చిన్న ఎలక్ట్రానిక్ వలయం ఈ కంపనాల సంఖ్యను సగం, అందులో సగం, మళ్ళీ అందులో సగం చేసుకుంటూ పోతుంది. 15 సార్లు సగం చేసేసరికి సెకనుకు ఒక్క స్పందన మిగులుతుంది. ఆ స్పందనతో చిన్న మోటారు సెకన్ల ముల్లును ఒక అడుగు జరుపుతుంది. అంకెల వాచీలో అయితే ఒక అంకె మారుతుంది.

మామూలు క్వార్ట్జ్ వాచీ నెలకు 20 సెకన్లు తప్పిందనుకుందాం. నెలలో 25,92,000 సెకన్లున్నాయి. అంటే దాదాపు 1,30,000 సెకన్లకు ఒక్క సెకను తేడా. హైదరాబాదు నుంచి విజయవాడకు సుమారు 270 కిలోమీటర్ల రోడ్డును కొలిచి, మొత్తం మీద రెండు మీటర్లు తప్పటం ఎలాంటిదో ఇదీ అలాంటిదే!

జపానులో సైకో కంపెనీ 1969 డిసెంబరు 25న మొదటి క్వార్ట్జ్ చేతి గడియారాన్ని అమ్మకానికి పెట్టినప్పుడు దాని ధర 4,50,000 యెన్లు. ఆ డబ్బుతో అప్పట్లో ఒక చిన్న కారు వచ్చేది. ఆ తరవాత స్ఫటికాలనూ, వలయాలనూ లక్షల సంఖ్యలో తయారుచెయ్యటం వచ్చి, ధర పడిపోయింది. ఇవాళ చవక వాచీలోనూ, దానికి పదింతలు ఖరీదు చేసే క్వార్ట్జ్ వాచీలోనూ కాలాన్ని కొలిచే పద్ధతి ఒకటే. మిగిలిన ధర కేసుకూ, అద్దానికీ, పట్టీకీ, పేరుకూ ఇస్తున్నామన్నమాట.

కీ ఇచ్చే వాచీ సంగతి

మీ తాతగారి దగ్గర హెచ్.ఎం.టి. వాచీ ఉండవచ్చు. ఈ ప్రభుత్వ సంస్థ జపానుకు చెందిన సిటిజన్ కంపెనీ సహకారంతో 1961లో బెంగుళూరులో వాచీల తయారీ ప్రారంభించింది. 2016లో వాచీల తయారీ ఆగిపోయింది. ఆ వాచీల్లో చాలా భాగం రోజూ కీ ఇవ్వవలసినవి. వాటిలో స్ఫటికానికి బదులు ఒక చిన్న చక్రం అటూ ఇటూ ఊగుతుంది. సాధారణంగా గంటకు 18,000 టిక్కులు. ఆ చక్రపు ఇరుసు కొనలు దాదాపు వెంట్రుకంత సన్నం. కింద పడితే అవి వంగవచ్చు. కొన్నేళ్ళకొకసారి లోపల శుభ్రం చేయించి నూనె వేయించాలి. రోజుకు పది, ఇరవై సెకన్ల తేడా రావటం మామూలే. బాగుచేయిస్తూ ఉంటే తరతరాలు నడిచే మంచి యంత్రాలే ఇవి. కాని తక్కువ ఖర్చుతో రోజూ వాడుకోవటానికి క్వార్ట్జ్ వాచీయే మేలు.

పడితే ఏమవుతుంది?

బల్లమీదినుంచి, అంటే ఒక మీటరు ఎత్తు నుంచి, వాచీ నాపరాయి గచ్చు మీద పడిందనుకోండి. లోహపు కేసు కొద్దిగానైనా నొక్కుకుపోదు. అది మిల్లీమీటరులో పదో వంతు దూరంలోనే ఆగిపోయిందనుకుందాం. ఒక మీటరులో సంపాదించిన వేగాన్ని అంత తక్కువ దూరంలో పోగొట్టుకోవాలి. లెక్క వేస్తే, ఆ క్షణంలో దాని మీద పనిచేసే బలం దాని బరువుకు సుమారు 10,000 రెట్లు! అదే వాచీకి రబ్బరులాంటి కేసు ఉండి, ఒక మిల్లీమీటరు మేర అణిగిందనుకోండి. బలం 1,000 రెట్లకు తగ్గుతుంది. వాచీ తేలికగా ఉంటే బలం ఇంకా తగ్గుతుంది.

జపానులో కాసియో కంపెనీ ఇంజనీరు కికువో ఇబె ఈ సూత్రంతోనే పనిచేశాడు. తండ్రి బహుమానంగా ఇచ్చిన వాచీ కింద పడి ముక్కలు కావటంతో, పడినా పగలని వాచీ చెయ్యాలని పట్టుబట్టాడు. సుమారు 200 నమూనాలు చేసి, తమ కార్యాలయంలో మూడో అంతస్తు కిటికీలోనుంచి పడేస్తూ పరీక్షించాడు. ఒక పార్కులో ఒక అమ్మాయి బంతి ఆడుతూండగా చూసి, బంతి మధ్యలో ఉన్న వస్తువుకు దెబ్బ తగలదు కదా అనుకున్నాడు. వాచీ యంత్రం కేసును చాలా కొద్దిచోట్ల మాత్రమే తాకుతూ తేలుతున్నట్టు ఉండేలా అమర్చాడు. అలా 1983లో వచ్చిందే 'జి-షాక్' వాచీ.

అంత గట్టిది అందరికీ అక్కరలేదు. అదే కంపెనీ 1989లో తెచ్చిన 'ఎఫ్-91డబ్ల్యు' అనే అంకెల వాచీ బరువు 21 గ్రాములు. కేసు ప్లాస్టిక్కు. నెలకు 30 సెకన్లకు మించి తప్పదనీ, సెల్లు సుమారు ఏడేళ్ళు వస్తుందనీ తయారీదారులు చెబుతారు. ఇప్పటికీ ఇది ప్రపంచమంతటా అమ్ముడవుతున్నది. చూడటానికి బొమ్మ వాచీలా ఉన్నా, తేలిక కావటమే దానికి ఒక రక్ష.

అద్దమూ, దుమ్మూ

ఖనిజాల గట్టితనాన్ని పోల్చటానికి ఫ్రెడరిక్ మోస్ 1812లో ఒకటి నుంచి పది దాకా ఒక కొలబద్ద ఏర్పరిచాడు. వజ్రం 10. గట్టి వస్తువు మెత్తని వస్తువు మీద గీత పెడుతుంది. వాచీ అద్దాలు ముఖ్యంగా మూడు రకాలు. ఆక్రిలిక్ ప్లాస్టిక్కు గట్టితనం సుమారు 3. మినరల్ గ్లాసు అనే గాజుది 5, 6 మధ్య. కృత్రిమ నీలంతో చేసే సఫైర్ అద్దానిది 9.

మన వీధుల దుమ్ములో, ఇసుకలో ఎక్కువగా ఉండేది ఏమిటో తెలుసా? క్వార్ట్జే! దాని గట్టితనం 7. వాచీ లోపల కూచుని టైము చెప్పే పదార్థమే బయట రేణువులుగా మారి దాని అద్దాన్ని గీస్తుందన్నమాట. సఫైర్‌ను మాత్రం అది గీయలేదు. కాని సఫైర్ వాచీల ధర ఎక్కువ. పైగా గట్టిగా తగిలితే అది పగలవచ్చు. ఆక్రిలిక్ మీద గీతలు తొందరగా పడతాయిగాని, అది సులభంగా పగలదు. చిన్న గీతలను టూత్‌పేస్టుతో మెల్లగా రుద్ది పోగొట్టుకోవచ్చు. తక్కువ ధరలో ఆక్రిలిక్కో, మినరల్ గ్లాసో చాలు. అయితే అద్దం కేసు అంచు కన్న కొంచెం లోపలికి ఉన్న వాచీని ఎంచుకోండి. బోర్లా పడినప్పుడు మొదటి దెబ్బ అంచుకు తగులుతుంది.

వెనక మూత చదవండి

మన చెమటలో ఉప్పు ఉంటుంది. చవక వాచీల కేసును ఇత్తడితోనో, జింకు మిశ్రమంతోనో చేసి పైన క్రోమియం పూత వేస్తారు. చెమట తగిలిన చోట పూత పోయి, కింది లోహం పచ్చగా, మచ్చలుగా బయటపడుతుంది. కొందరికి అక్కడ చర్మం దురద పెడుతుంది కూడా.

వెనక మూత మీద చిన్న అక్షరాలుంటాయి. 'స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్' అని ఉంటే సాధారణంగా మూత మాత్రమే స్టీలు. కేసు వేరే లోహం. 'ఆల్ స్టెయిన్‌లెస్ స్టీల్' అని ఉంటేనే కేసు మొత్తం స్టీలు. అయస్కాంతంతో పరీక్షిద్దామంటే కుదరదు. వాచీలకు వాడే స్టీలును అయస్కాంతం దాదాపు ఆకర్షించదు. ఇత్తడిని అసలే ఆకర్షించదు! స్టీలు కొనే స్తోమత లేకపోతే పూత వేసిన లోహం కన్న ప్లాస్టిక్కు కేసు నయం. ప్లాస్టిక్కుకు తుప్పు పట్టదు, ఊడిపోవటానికి పూతా ఉండదు.

నీటి లోతు లెక్క

'30 మీటర్లు' లేదా '3 బార్' అని రాసి ఉంటే 30 మీటర్ల లోతుకు దూకవచ్చని అర్థం కాదు. కదలని నీటిలో అంత లోతున ఉండే పీడనాన్ని కొత్త వాచీ ప్రయోగశాలలో తట్టుకుంటుందని మాత్రమే అర్థం. వాన చినుకులకూ, చేతులు కడుక్కోవటానికీ 3 బార్ సరిపోతుంది. ఈత కొట్టేవారు 10 బార్ వాచీ కొనాలి.

నీటిని ఆపేది మూత కింద ఉండే సన్నని రబ్బరు వలయం. వేడినీళ్ళు, సబ్బు దాన్ని తొందరగా పాడుచేస్తాయి. అందుకే స్నానానికి వెళ్ళేటప్పుడు వాచీ తీసెయ్యటం మంచి అలవాటు. సెల్లు మార్పించేటప్పుడు రబ్బరు వలయం దాని గాడిలో సరిగ్గా కూచున్నదో లేదో చూడమని అడగండి.

బెల్టు, సెల్లు

బెల్టును కేసుకు పట్టి ఉంచేది స్ప్రింగు ఉన్న సన్నని పిన్ను. అది వంగితే వాచీ మొత్తం పోవచ్చు. కొనేటప్పుడు బెల్టును కొంచెం లాగి చూడండి. బెల్టు వెడల్పు 18 మిల్లీమీటర్లో, 20 మిల్లీమీటర్లో అయితే ఏ ఊళ్ళోనైనా కొత్తది దొరుకుతుంది. కేసులో కలిసిపోయిన వింత ఆకారపు బెల్టు తెగితే, దానితోపాటు వాచీని కూడా మూల పడెయ్యవలసి వస్తుంది.

ముళ్ళున్న క్వార్ట్జ్ వాచీకి కావలసిన విద్యుత్తు ఆంపియరులో పదిలక్షవ వంతు మాత్రమే. అందుకే బొత్తామంత సెల్లు రెండు, మూడేళ్ళు వస్తుంది. సెల్లు అయిపోయి వాచీ ఆగితే అలాగే బీరువాలో పడెయ్యకండి. సెల్లులోని క్షారం కారి లోపలి వలయాన్ని తినేస్తుంది. రోజూ చార్జి చేసుకునే స్మార్ట్ వాచీల ఇబ్బంది వేరు. వాటి బ్యాటరీ శక్తి ఏటేటా తగ్గుతుంది. దాన్ని మార్చటం తేలిక కాదు.

ఏడాదికి ఎంత?

ఇప్పుడు ఒక లెక్క. అంకెలు ఉదాహరణకు మాత్రమే. ఒక వాచీ ధర రూ. 600, రెండేళ్ళకు పాడైంది. ఏడాదికి రూ. 300 పడింది. రెండో దాని ధర రూ. 1,200. పదేళ్ళు నడిచింది, మధ్యలో మూడు సెల్లులకు రూ. 300, మూడు బెల్టులకు రూ. 450 అయ్యాయి. మొత్తం రూ. 1,950, ఏడాదికి రూ. 195. మూడోది రూ. 6,000. పదిహేనేళ్ళు నడిచి, సెల్లులకూ బెల్టులకూ మరో రూ. 1,200 తీసుకున్నది. ఏడాదికి రూ. 480. అన్నిటికన్న చవకైనది నిజంగా చవక కాదు. అన్నిటికన్న ఖరీదైనది లాభమూ కాదు. ధరను కాక, ధరను ఏళ్ళతో భాగించగా వచ్చిన అంకెను పోల్చాలి.

మీ ఇంట్లో వాచీ ఉంటే ఒక ప్రయోగం చెయ్యండి. నెల మొదటి రోజున ఫోనులోని టైముతో సెకన్లతో సహా సరిపెట్టండి. రోజూ చేతికి పెట్టుకోండి. 30 రోజుల తరవాత తేడా రాసుకోండి. మరుసటి నెల అదే వాచీని ఎండ తగిలే కిటికీ దగ్గర ఉంచి మళ్ళీ చూడండి. స్ఫటికం సుమారు 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికన్న వేగంగా కంపిస్తుంది. అంతకన్న వేడెక్కినా, చల్లబడినా నెమ్మదిస్తుంది. 45 డిగ్రీల వద్ద రోజుకు సుమారు ఒక సెకను వెనకబడుతుంది. రెండు నెలల తేడాలనూ పక్కపక్కన రాసి చూస్తే, చేతికి ఉన్నప్పుడే వాచీ ఎందుకు బాగా నడుస్తుందో మీకే తెలుస్తుంది.