లెక్క కట్టి వరుస పెట్టుట

కంప్యూటరులో పట్టికలుగా దాచిన సమాచారమును డేటాబేసు అందురు. విద్యార్థుల పట్టికలో ఒక్కొక్కరికి ఒక్కొక్క నమోదు ఉండును. పేరును బట్టి గాని, హాల్‌టికెట్టు సంఖ్యను బట్టి గాని వీనిని వరుస పెట్టుట సులభము. ఆ విలువలు పట్టికలోనే ఉన్నవి. కాని కొన్ని వేళల వరుసకు ఆధారమైన విలువ పట్టికలో ఉండదు. దానిని లెక్క కట్టవలసి యుండును.

ఎంసెట్ ర్యాంకు ఇందుకు మంచి ఉదాహరణము. తెలంగాణలో ఇంటర్ మార్కుల వాటాను 2023లో శాశ్వతముగా తొలగించిరి. ఆ వాటా అమలులో ఉన్న సంవత్సరములలో 160 మార్కుల ఎంసెట్‌కు 75 పాళ్లు, ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల 600 మార్కులకు 25 పాళ్లు ఇచ్చి స్కోరు కట్టెడివారు.

నల్లగండ్లలో రాము, సోము, గోపి అను ముగ్గురు ఇంజనీరింగు విద్యార్థులు కాగోరుచున్నారనుకొందము. వారి ఎంసెట్ మార్కులు వరుసగా 96, 104, 112; ఇంటర్ మార్కులు 540, 432, 480. ఎంసెట్ మార్కులను మాత్రమే చూచినచో గోపి, సోము, రాము అని వరుస వచ్చును. రెండు మార్కులను ఊరక కూడినచో 636, 536, 592 అగును, రాము మొదటివాడగును. ఇంటర్ సంఖ్యలు పెద్దవగుటయే ఇందుకు కారణము. ఇక సూత్రము ప్రకారము చూతము. 96ను 160చే భాగించి 75చే గుణింపగా 45. 540ని 600చే భాగించి 25చే గుణింపగా 22.5, రాము స్కోరు 67.5. అట్లే సోముకు 66.75, గోపికి 72.5. ఇప్పుడు వరుస గోపి, రాము, సోము. నమోదులు అవియే, లెక్క మారగా వరుస మారినది.

కంప్యూటరు రెండేసి నమోదులను పోల్చుచు వరుస పెట్టును. లక్ష నమోదులకు మంచి పద్ధతిలో సైతము సుమారు 17 లక్షల పోలికలు కావలెను. ప్రతి పోలికలోను ఇద్దరి స్కోరు కట్టినచో 34 లక్షల లెక్కలగును. ముందుగనే ఒక్కొక్క స్కోరును ఒకసారి కట్టి ప్రక్కన వ్రాసికొన్నచో లక్ష లెక్కలు చాలును.

కాని వ్రాసియుంచిన స్కోరు పాతబడవచ్చును. జవాబుపత్రము తిరిగి పరిశీలింపగా సోముకు ఇంటర్‌లో 24 మార్కులు పెరిగెననుకొందము. అతని స్కోరు 67.75 అగును, అతడు రామును దాటవలెను. పట్టికలో 66.75 అట్లే నిలిచియున్నచో అతడు వెనుకనే ఉండును. కోరిన సీటు చేజారవచ్చును. కనుక మూలమార్కు మారినంతనే స్కోరును తిరిగి కట్టవలెను. నేటి డేటాబేసులు పెక్కింటిలో అట్టి ఏర్పాటు కలదు.

ఇప్పుడు ఈఏపీసెట్ అను పేర ఈ పరీక్ష పలు పూటలలో జరుగుచున్నది. ప్రశ్నపత్రముల కాఠిన్యములోని తేడాను నార్మలైజేషన్ అను లెక్కచే సరిచేసి ర్యాంకు నిర్ణయించుచున్నారు. ఇదియు లెక్క కట్టిన విలువయే. కాబట్టి ఏ వరుసను చూచినను, అది ఏ లెక్కను బట్టి వచ్చినదో, ఆ లెక్క ఎప్పుడు కట్టినదో విద్యార్థులు అడిగి తెలిసికొనవలెను.