ఆ టెక్నాలజీ ఎందుకు తెరుచుకోవట్లేదు?

హాస్టల్‌ గదిలో ఇద్దరు ఫ్రెండ్స్‌ ఒకేసారి సివిలైజేషన్‌ 6 మొదలుపెడతారు. కొన్ని టర్న్‌లు గడిచేసరికి ఒకడి దగ్గర విలుకాళ్లు దిగిపోతారు. రెండోవాడు ఇంకా వడిసెలతో రాళ్లు విసురుతూనే ఉంటాడు. సైన్స్‌ పాయింట్లు చూస్తే ఇద్దరివీ దాదాపు సమానమే! ‘నీకు లక్‌ ఉందిరా’ అనేస్తాం. కానీ మొదటివాడు చేసిందల్లా టెక్నాలజీ పేరు కింద చిన్న అక్షరాల్లో ఉన్న ఒక్క లైను చదవడమే.

2016లో ఫిరాక్సిస్‌ తెచ్చిన ఈ గేమ్‌లో ఆ లైనుకు ‘యురేకా’ అని పేరు. దాదాపు ప్రతి టెక్నాలజీకీ ఏదో ఒక పనితో ముడి ఉంటుంది. క్వారీ కడితే మేసన్రీ, సముద్రం ఒడ్డున నగరం పెడితే సెయిలింగ్‌, మరో నాగరికత ఎదురైతే రైటింగ్‌ ముందుకు దూకుతాయి. ఆ పని చేయగానే పరిశోధన ఖర్చులో పెద్ద వాటా ఒకేసారి జమ అవుతుంది. మొదట్లో ఇది 50 శాతం. తర్వాత వచ్చిన ‘రైజ్‌ అండ్‌ ఫాల్‌’లో 40కి తగ్గించారు.

ఇక విలువిద్య సంగతి. వడిసెల సైనికుడి చేతిలో ఒక శత్రువు చావాలి, అదీ షరతు. చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. కత్తి పట్టిన సైనికుడితో కొట్టించి, చివరి దెబ్బ కూడా అతడితోనే వేయిస్తారు. శత్రువు పోయాడు సరే, యురేకా కూడా పోయింది! కాబట్టి కత్తివాడు బలహీనపరచాలి, ఆఖరి రాయి వడిసెలది కావాలి. ఇంకో కిటుకు ఉంది. షరతు ఇంకా తీరకపోతే పరిశోధనను 60 శాతం దాకా తెచ్చి ఆపేయండి. వేరే టెక్నాలజీ మీదకు వెళ్లండి. యురేకా వచ్చినప్పుడు మిగతా 40 దానంతటదే నిండుతుంది. ఓపిక పట్టక మొత్తం పూర్తిచేస్తే మాత్రం ఆ బోనస్‌ వృథా.

చంపితే ముక్కలే!

2012 నాటి ‘ఎక్స్‌కామ్‌: ఎనిమీ అన్‌నోన్‌’ ఇంకాస్త మొండిది. గ్రహాంతరవాసిని కాల్చేస్తే అతడి ఆయుధం ముక్కలైపోతుంది. ప్రాణాలతో పట్టుకుంటేనే అది చెక్కుచెదరకుండా దక్కుతుంది. పట్టుకోవాలంటే ముందు జెనోబయాలజీ పరిశోధన పూర్తవ్వాలి, ఆర్క్‌ త్రోయర్‌ తయారవ్వాలి, బేస్‌లో బందీలను ఉంచే గది కట్టాలి. ఆపైన మన సైనికుడు శత్రువుకు బాగా దగ్గరగా వెళ్లాలి. శత్రువు ఆరోగ్యం ఎంత తక్కువుంటే పట్టుబడే అవకాశం అంత ఎక్కువ. విచారణ అయ్యాక ఒక వర్గం పరిశోధనలకు పట్టే సమయం బాగా తగ్గుతుంది. నా లెక్కలో ఇది యురేకా కంటే మంచి డిజైన్‌. ఎందుకంటే ఇక్కడ బహుమతి కోసం మన సైనికుడి ప్రాణాన్నే పణంగా పెట్టాలి.

తెర వెనక ఏముంది?

ఇంత ఆడాక కూడా రెజ్యూమెలో ‘హాబీ: గేమింగ్‌’ అని రాసి వదిలేస్తే ఇంటర్వ్యూ చేసేవాళ్లకు ఏం అర్థమవుతుంది? గేమ్‌ టెస్టింగ్‌, డిజైన్‌ ఉద్యోగాలు కావాలనుకుంటే ఆ షరతులు ఎలా రాశారో చూడండి. సివిలైజేషన్‌ 6లో యురేకాల వివరాలు ఎక్స్‌ఎంఎల్‌ ఫైళ్లలోనే ఉంటాయి. మోడ్‌లు చేసేవాళ్లు వాటిని ఎస్‌క్యూఎల్‌తో మారుస్తారు.

గేమ్‌ కొనడానికి డబ్బుల్లేవా? ‘బ్యాటిల్‌ ఫర్‌ వెస్నోత్‌’ పూర్తిగా ఉచితం. 2003 నుంచీ ఉన్న ఓపెన్‌ సోర్స్‌ గేమ్‌ ఇది, మామూలు ల్యాప్‌టాప్‌లోనూ నడుస్తుంది. ఇందులోని ‘ఎయిర్‌ టు ద థ్రోన్‌’ క్యాంపెయిన్‌లో ఒకచోట తుఫాను త్రిశూలం దొరుకుతుంది. అది జలమానవులకే పనికొస్తుంది. అలాంటి రహస్య ఘటనలన్నీ డేటా ఫోల్డర్‌లో మామూలు టెక్స్ట్‌ ఫైళ్లుగా ఉంటాయి, నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదివేయొచ్చు. ‘మూవ్‌టు’ అనే ఈవెంట్‌, కింద ఒక ఫిల్టర్‌, అందులో గడి సంఖ్యలు... అంతే. ఎవరైనా ఆ గడిలో అడుగుపెడితే ఈవెంట్‌ మొదలవుతుంది. ప్రత్యేకంగా చెప్పకపోతే ఒక్కసారే జరుగుతుంది.

ఈ వారాంతం మీరే ఒక చిన్న మ్యాప్‌లో ఇలాంటి ఈవెంట్‌ రాసి చూడండి. నిధి ఉన్న గడి పెట్టండి, ఆడండి. తర్వాత టెస్టర్‌లా దాన్ని చెడగొట్టే ప్రయత్నం చేయండి. నిధి తేవాల్సిన సైనికుడు ముందే చచ్చిపోతే? నిధి దొరికాక గేమ్‌ సేవ్‌ చేసి మళ్లీ తెరిస్తే? ఫిల్టర్‌లో ‘సైడ్‌ 1’ అని రాయడం మర్చిపోయారనుకోండి. శత్రువు అటుగా నడిచినా ఈవెంట్‌ జరిగిపోతుంది, మీ నిధి కాస్తా వాడి పాలవుతుంది! ఏ టర్న్‌లో, ఏ గడిలో, ఏం జరగాలి, ఏం జరిగింది అన్నది నాలుగు లైన్లలో రాసి, ఫైలుతో పాటు గిట్‌హబ్‌లో పెట్టండి. రెజ్యూమెలో ‘హాబీ’ ఉన్న చోట ఆ లింకు ఇవ్వండి.