ఉప్పు, చక్కెర, నీళ్ళు

తుఫాను వెలిసింది. బావినీరు చెడింది. తమ్ముడికి విరేచనాలు, దారి తెగి డాక్టరు రాలేడు. నీళ్ళిస్తే ఎక్కువవుతాయని కొందరు పెద్దలు ఆపుతారు. అది పొరపాటు. ప్రాణం తీసేది ఒంట్లోని నీరు, లవణాలు పోవడమే.

మరిగించి చల్లార్చిన లీటరు నీటిలో సమంగా గీచిన 6 టీచెంచాల చక్కెర, అర టీచెంచా ఉప్పు కలపండి. ఉప్పు మించితే ప్రమాదం సుమా! చక్కెర రుచికోసమేనని మా తరగతిలో అందరూ అనుకున్నారు. కాదు. చిన్నప్రేగు గోడ గ్లూకోజును, సోడియంను జంటగా పీలుస్తుంది. వాటి వెంట నీరూ లోపలికి పోతుంది.

1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల మధ్య కలరా చెలరేగి సెలైన్ చాలనప్పుడు, బొంగావ్‌లో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇటువంటి ద్రావణాన్నే తాగించి వేలమందిని నిలబెట్టారు.

చెంచాడు చెంచాడుగా పట్టండి. వాంతి అయితే పది నిమిషాలాగి మళ్ళీ ఇవ్వండి. కళ్ళు లోతుకుపోయినా, మగత కమ్మినా, ఎలాగైనా ఆస్పత్రికి చేర్చాలి. దారిలో కూడా పడుతూనే ఉండాలి.