పాఠశాలకును పనిచోటికిని నడుమ బాట

బిడ్డలకు విద్య చెప్పించుట తమ విధి యని యొప్పుకొనని తల్లి నేడు అరుదు. ఇంటిలో ఏ ఖర్చు తగ్గించుకొనియైనను బడి జీతము చెల్లించుచున్నాము. అయితే ఆ చదువు ముగిసిన పిమ్మట బిడ్డ యే వృత్తియందు ప్రవేశింపవలెనను ప్రశ్న వచ్చినపుడు మాత్రము, ఇంతకాలము చదివించిన మనమే దిక్కుతోచక నిలుచుచున్నాము. సోదరీమణులారా! ఈ లోపమునకు కారణమేమి, దానిని తీర్చుటకు పాఠశాలలును, పని యిచ్చు యజమానులును, గృహిణులమగు మనమును ఏమి చేయవచ్చునను విషయమును గూర్చి నాలుగు మాటలు మనవి చేయ దలచితిమి.

పదవతరగతి చదువు బాలికను పెద్దదానవైన పిదప ఏమగుదువని యడిగి చూడుడు. డాక్టరు, ఇంజనీరు, టీచరు, పోలీసు అను నాలుగైదు మాటలు దాటి సమాధానము రాదు. ఇది బుద్ధిలోపము కాదు. బిడ్డ తాను చూచినదానినే కోరును, చూడనిదానిని కోరజాలదు. లోకమున వృత్తులు వేలకొలది యున్నను, అవి ప్రహరీగోడల వెనుక జరుగుచున్నవి. ఇంటినుండి బడికిని, బడినుండి ఇంటికిని నడచు బాలికకు ఆ గోడల లోపలి సంగతి తెలియుట యెట్లు?

కొందరికి తెలియుచునే యున్నది. మేనమామ బ్యాంకులో నున్నవారు, పెదతండ్రి కర్మాగారమున అధికారిగా నున్నవారు సెలవులలో ఆ చోట్లకు పోయి వత్తురు; ఏ పరీక్ష వ్రాయవలెనో, ఎవరిని కలిసికొనవలెనో భోజనముల వేళనే వినుచుందురు. కూలివాని కూతురికి అట్టి మేనమామ లేడు. భారతమున కురుకుమారులు అస్త్రవిద్య చూపిన రంగమునకు కర్ణుడు వచ్చి తన నేర్పు చూపి నిలిచినపుడు, కృపాచార్యులు అతని విద్యను విడిచి వంశమును అడిగిరి గదా! నేడును ఆ ప్రశ్న పోలేదు, "నీకు తెలిసినవారెవరు?" అను రూపమున నిలిచియున్నది. బంధుబలము లేని బిడ్డకు మేనమామ స్థానమున నిలువవలసినది పాఠశాలయే యని మా యభిప్రాయము.

ఇంగ్లండు దేశమున ఈ విషయమును శ్రద్ధతో పరిశీలించిరి. 2014లో గాట్స్‌బీ అను ధర్మనిధి పక్షమున సర్ జాన్ హోల్మన్ అను విద్యావేత్త యొక నివేదికను సిద్ధపరచెను. వృత్తుల విషయమున విద్యార్థులకు దారి చూపుటకై పాఠశాలలు పాటింపవలసిన 8 ప్రమాణములు అందు చెప్పబడినవి. 11వ యేటినుండి ప్రతి విద్యార్థియు ఏటేట ఒక్కసారియైనను పని యిచ్చువారిని కలిసికొని, ప్రయోజనకరముగా మాటలాడవలెననుట వానిలో నొకటి. 16 ఏండ్లు నిండులోపల ఒక పనిచోటి అనుభవమును, 18 ఏండ్లలోపల మరియొకదానిని పొందవలెననుట వేరొకటి. 2017లో ఆ ప్రభుత్వము వీనిని తన విధానమున చేర్చుకొనెను. 2018 నుండి ప్రతి పాఠశాలయు ఈ బాధ్యత వహించు ఒకరి పేరును ప్రకటింపవలసి వచ్చెను.

అంతకుముందే, 2012లో, ఎడ్యుకేషన్ అండ్ ఎంప్లాయర్స్ అను సంస్థ 19 మొదలు 24 ఏండ్ల వరకు గల యువజనులను సుమారు 1,000 మందిని ప్రశ్నించి, తెలిసిన సంగతులను ప్రకటించెను. బడిలో నుండగా పని యిచ్చువారిని ఒక్కసారియైనను కలిసికొననివారిలో నూటికి సుమారు 26 మంది చదువును లేక, పనియు లేక యుండిరి. నాలుగుమారులో అంతకు మించియో కలిసికొన్నవారిలో నూటికి సుమారు 4 గురే యట్లుండిరి. ఈ భేదమంతయు ఆ కలయికల ఫలమే యనుట తొందరపాటగును. ఇతర కారణములును ఉండవచ్చును. అయినను ఆలోచనగల తల్లి ఈ లెక్కను తేలికగా తీసివేయజాలదు.

ఇక ఆడుబిడ్డల మాట. 2016లో ఆ సంస్థయే చిన్నతరగతి పిల్లలచేత అగ్నిమాపకోద్యోగి, శస్త్రవైద్యుడు, యుద్ధవిమాన చోదకుడు అను మువ్వురి బొమ్మలు వేయించెను. 66 బొమ్మలలో 61 పురుషులవి. 5 మాత్రమే స్త్రీలవి. పిమ్మట ఆ వృత్తులలోనున్న స్త్రీలే తరగతిలోనికి వచ్చి నిలిచినపుడు పిల్లలు విస్తుపోయిరి. ఉపన్యాసములు చేయజాలని పని ఆ యొక్క దర్శనము చేసినది. జర్మనీలో 2001 నుండి ఏటేట ఒకదినమున కర్మాగారములును, శాస్త్రశాలలును 5వ తరగతి మొదలు బాలికలకు ద్వారములు తెరచి, సామాన్యముగా పురుషులే చేయు పనులను వారికి చూపుచున్నవి. ఆ దేశమున వృత్తివిద్యలో చేరిన యువకులు వారములో మూడునాలుగు దినములు సంస్థలో పనిచేసి, మిగిలిన ఒకటిరెండు దినములు బడిలో చదువుదురు. పాఠశాలయు పనిచోటును అచట ఒకే బండికి రెండు చక్రములు.

మన దేశమున ఆలోచన లేకపోలేదు. 1937 అక్టోబరులో వార్ధా సభయందు గాంధీమహాత్ముడు చేతిపని మూలముననే విద్య గరపవలెనని ప్రతిపాదించెను. 1961లో అప్రెంటిసుల చట్టము పుట్టెను. 2019లో సవరించిన నియమములు, 30 మందియో అంతకు మించియో పనిచేయు సంస్థ, తన పనివారి సంఖ్యలో నూటికి 2.5 మొదలు 15 వరకు అప్రెంటిసులను చేర్చుకొనవలెనని విధించినవి. 2020 నాటి జాతీయ విద్యావిధానము 6 మొదలు 8 వరకు గల తరగతుల పిల్లలు పదిదినములు పుస్తకాల సంచి లేకుండ వడ్రంగి, కుమ్మరి, తోటమాలి, చిత్రకారుడు మున్నగువారియొద్ద పని చూచి నేర్వవలెనని చెప్పినది. అందులకు మార్గసూచనలు 2024 జూలైలో వెలువడినవి. ఇన్ని యున్నను హెడ్మాస్టరు మిల్లు యజమానిని ఎరుగడు. మిల్లు యజమాని బడి గడప త్రొక్కడు. ఈ యిరువురిని కలుపువారు లేక వ్రాసినది వ్రాసినట్లే యుండిపోవుచున్నది.

యజమాని యనగా దూరపు నగరమున నుండువాడే కానక్కరలేదు. భీమవరము ప్రాంతపు రొయ్యల ఫ్యాక్టరీ మాట యెత్తినంతనే, చలిలో నిలుచుండి తలలు తీయు స్త్రీలే మన కన్నులకు గట్టుదురు. కాని ఆ కప్పు క్రిందనే రొయ్యలలో మందుల అవశేషములను పరీక్షించు రసాయనశాస్త్ర పట్టభద్రురాలు ఉండును. శీతలయంత్రములను బాగుచేయు మెకానిక్కు ఉండును. పరదేశములకు సరకు పంపుటకు కాగితములు సిద్ధపరచు గుమాస్తా యుండును. తల్లి ఒక పనినే చూచినది. బడివారు కూతురిని ఒక్కపూట లోనికి తీసికొనిపోయినచో ఆమె నాలుగు పనులు చూచును. అందు ఒకదానికి ఇంటర్మీడియెట్టులో ఏ పాఠములు తీసికొనవలెనో అపుడే యడిగి తెలిసికొనును. గుంటూరు మిరపకాయల శీతలగిడ్డంగియైనను, సిరిసిల్ల మరమగ్గముల శాలయైనను ఇంతే.

"చదువుకొమ్మని పంపితిమి గాని కూలికి పంపితిమా?" యని కొందరు తల్లులు అడుగుదురు. న్యాయమైన ప్రశ్న. చూచి నేర్చుకొనుట వేరు, చాకిరి చేయుట వేరు. 1986 నాటి చట్టము 2016లో సవరింపబడిన పిమ్మట, ఇంటివారికి చేయు సాయము వంటి కొన్ని మినహాయింపులు దక్క, 14 ఏండ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకొనరాదు. 18 ఏండ్లలోపు వారిని అపాయకరమైన పనులలో పెట్టుకొనరాదు. కనుక ఏ యజమానియైనను చూపించెదనని చెప్పి మూటలు మోయించినచో, ఆ దినమే బిడ్డను వెనుకకు పిలుచుకొని రావలెను. ఆడుబిడ్డ క్షేమమును గూర్చి భయపడుటయు సహజమే. 10 మందియో అంతకు మించియో పనిచేయుచోట స్త్రీల ఫిర్యాదులు వినుటకు అంతర్గత సంఘ ముండవలెనని 2013 నాటి చట్టము చెప్పుచున్నది. అట్టి సంఘము కలదా యని ముందుగా విచారింపుడు. ఉపాధ్యాయిని వెంట వెళ్లునట్లు ఏర్పాటు చేయింపుడు. భయమునకు మందు జాగ్రత్తయే గాని తలుపు మూయుట కాదు.

మన చేతిలో నున్న పని యేది? 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము ఏర్పడు పాఠశాల యాజమాన్య సంఘములలో నాలుగింట మూడుపాళ్లు తల్లిదండ్రులే యుండవలెను. సభ్యులలో సగము స్త్రీలుండవలెను. ఆ సభలో పొయ్యి, నీళ్లు, గోడల మాటతో సరిపుచ్చక, నెలకొక్క పనివారిని బడికి పిలువుడని అడుగుడు. వచ్చువారిలో సగము స్త్రీలగునట్లు చూడుడు. నర్సు, బస్సు కండక్టరు, బ్యాంకు గుమాస్తా, అచ్చుకూటపు పనివాడు, సౌరవిద్యుత్ ఫలకములు బిగించు యువకుడు, వీరెవ్వరును మన వీధికి దూరమువారు కారు. ఉపన్యాసము చాలదు, నీవు ఏమి చదివితివి, మొదటి జీతమెంత, కష్టమెక్కడ, చదువు మానినవారు మరల చేరవచ్చునా అని పిల్లలచేత ప్రశ్నలు ముందుగా వ్రాయింపవలెను. పనిచోటు చూడబోవునపుడు పదిమందికి మించక పోవలెను. తిరిగివచ్చి చూచినదానిని తమ మాటలలో వ్రాయవలెను. ఒక్కసారితో విడిచిన ఫలము లేదు.

యజమానులకును ఇది దానము కాదు. తగిన పనివారు దొరకుటలేదని వారు వాపోవుచుందురు. తమ గడపకు మైలు దూరముననే యున్న బడిలో అట్టివారు పెరుగుచున్నారని వారికి చెప్పువారు కావలెను.

మన బిడ్డ ఏ వృత్తి చేపట్టవలెనో మనము నిర్ణయింపలేము, నిర్ణయింపరాదు కూడను. కాని ఆమె తెలిసి యెన్నుకొనునట్లు చేయవచ్చును. ఈ బడులు తెరచు మాసముననే ప్రతి తల్లియు హెడ్మాస్టరుగారిని కలిసి, "ఈ యేడు మా పిల్లలకు ఎవరిని చూపింపబోవుచున్నారు?" అని యొక్క ప్రశ్న అడుగవలెనని మా ప్రార్థన. అడిగిన తల్లులు పదిమందియైనచో, ఆ బడి సమాధానము వెదకక మానదు.