సన్నాయి వీధిలోది, ఓబో గదిలోది: లైబ్రరీలో ఐదుగురి కచేరీ

మాది కొండపల్లి. పోయిన నెల మా వీధిలో పెళ్లి ఊరేగింపు. ముందు సన్నాయి మేళం, వెనకాల డీజే బండి. సన్నాయి పెద్దాయన బుగ్గలు ఉబ్బించి ఊదుతున్నారు, వేళ్లు చకచకా కదులుతున్నాయి. నాకు మాత్రం ఒక్క స్వరం వినపడలేదు. ఫోన్‌లో తీసిన వీడియో ఇంటికొచ్చి చూశా. అందులోనూ లేదు.

నిజానికి సన్నాయిది చిన్న గొంతేం కాదు. గుడి దగ్గర ఊదితే వీధి చివరిదాకా వినపడాలి, అందుకే పుట్టింది. అదే ఓడిపోయిందంటే ఆలోచించండి.

ఆ రాత్రి ఫోన్‌లో వెతుకుతుంటే ఇంకో వీడియో తగిలింది. అమెరికాలో ఏదో ఊరి పబ్లిక్ లైబ్రరీ. పుస్తకాల బీరువాల మధ్య ఐదుగురు కుర్చీలేసుకుని కూర్చున్నారు. మైకు లేదు. పాట మొదలయ్యే ముందు వాళ్లు ఊపిరి పీల్చుకోవడం కూడా వినపడింది! దీన్ని వుడ్‌విండ్ క్వింటెట్ అంటారు. ఫ్లూట్, ఓబో, క్లారినెట్, బసూన్, హార్న్.

పేరులో వుడ్ ఉంది కదా అని అన్నీ కర్రవే అనుకోకండి. ఫ్లూట్ ఇప్పుడు ఎక్కువగా లోహంతోనే చేస్తున్నారు. హార్న్ అయితే అసలు ఇత్తడి వాద్యాల ఇంటి మనిషి, చుట్టంగా వచ్చి ఇక్కడే ఉండిపోయింది. క్లారినెట్ మీకు కొత్తేం కాదు, మన పెళ్లి బ్యాండుల్లో విన్నదే. బసూన్ గొట్టాన్ని సాగదీస్తే దాదాపు 2.5 మీటర్లు, మడిచి పట్టుకుంటారు.

నన్ను పట్టుకున్నది మాత్రం ఓబో. నోట్లో పెట్టుకునే చోట రెండు పల్చని రెల్లు ముక్కలు కలిపి కట్టి ఉంటాయి. ఊదితే అవి ఒకదానికొకటి కొట్టుకుని అదురుతాయి, ఆ అదురే శబ్దం. సన్నాయిలోనూ ఇదే పని. ఓబోకి పెద్దలు యూరప్ వీధుల్లో, ఊరేగింపుల్లో ఊదిన షామ్ అనే వాద్యాలు, అంటే మన సన్నాయికి వరసైనవాళ్లే. 17వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో దాన్ని గదిలో వాయించడానికి వీలుగా మార్చుకున్నారు. గొంతు తగ్గింది, మాట స్పష్టమైంది.

గదిలో కొద్దిమంది కోసం వాయించే ఈ సంగీతమే ఛాంబర్ మ్యూజిక్. దీనికి లైబ్రరీకి మించిన చోటేముంది? అక్కడ రూలే నిశ్శబ్దం. వాషింగ్టన్‌లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఉంది కదా, అందులో 1925లోనే ఇలాంటి కచేరీల కోసం ఒక హాలు కట్టారు. ఎలిజబెత్ కూలిడ్జ్ అనే ఆవిడ డబ్బిచ్చారు. 1944లో ఆరన్ కోప్లాండ్ రాసిన అపలాచియన్ స్ప్రింగ్ అనే బ్యాలే మొదట అక్కడే ఆడింది. వాద్యగాళ్లకు చోటు తక్కువని ఆయన 13 వాద్యాలకే రాశారు. గది చిన్నదైతే సంగీతమూ దానికి తగ్గట్టు పుడుతుంది మరి.

మనకి లైబ్రరీలు లేవా అంటే, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914లో మన బెజవాడలోనే పుట్టింది. కృష్ణా కాలువల మీద పడవల్లో పుస్తకాలు తిప్పిన జనం మనవాళ్లు. ఇప్పుడు నేను చూసిన రీడింగ్ రూముల్లో గ్రూప్స్‌కి చదివేవాళ్లే ఎక్కువ. నేనూ వాళ్లలో ఒకణ్నే, తప్పు పట్టట్లేదు.

సరే, మన దగ్గర క్వింటెట్ ఎక్కడ దొరుకుతుంది? నేనూ ఫ్రెండ్సూ కలిసి దగ్గర్లో ఒక లైబ్రరీ వాళ్లని ఆదివారం సాయంత్రం ఒక గంట హాలు అడిగాం. చూస్తామన్నారు. తర్వాత ఆ సన్నాయి పెద్దాయన ఇంటికెళ్లా. మైకు ఉండదు, డీజే ఉండదు, ముప్పై మంది కూర్చుని వింటారని చెప్పా.

ఆయన కాసేపు నావైపే చూసి, "నాలుగు గోడల మధ్య ఇది ఊదితే మీ చెవులు నిలుస్తాయా బాబూ?" అని నవ్వారు. మళ్లీ తనే అన్నారు, "తలుపులు తీసి పెట్టండి. నేను వరండాలో కూర్చుంటా, మీరు లోపల కూర్చోండి."