తగ్గిన కిలోలు, తిరిగొచ్చిన కొవ్వు

అపోహ: నెలలో పది కిలోలు తగ్గితే పది కిలోల కొవ్వు కరిగినట్టే.

మొదటి వారంలో కాటా ముల్లు గబగబా పడేది ఎక్కువగా నీళ్లు పోవడం వల్లే. కాలేయంలో, కండరాల్లో దాచుకున్న గ్లైకోజన్ ఖర్చవుతుంది, దానితో పాటే నీరూ దిగిపోతుంది. తర్వాత కొవ్వుతో పాటు కండా కరుగుతుంది. పప్పు, గుడ్డు, పెరుగు కూడా మానేస్తే ఇంకా ఎక్కువ. 2017-18 ప్రాంతంలో డైట్ ప్రచారకుడు వీరమాచనేని రామకృష్ణ ద్రవాహారం తెలుగు జిల్లాలన్నిటా మార్మోగింది. రోజుకు 70-100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, రెండు మల్టీవిటమిన్ మాత్రలు. చాలామంది తగ్గిన మాట నిజమే. ఏం తగ్గింది, ఆపేశాక ఏమైంది అని అడిగినవాళ్లే తక్కువ.

అపోహ: "మళ్ల పెరిగితే ఏమైతది, పాత బరువుకే గదా వచ్చేది!"

అంకె అదే కావచ్చు, లోపలి లెక్క మారుతుంది. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ 36 మంది యువకులకు ఆరు నెలలు అర్ధాకలి తిండి పెట్టారు. బరువు దాదాపు పావు వంతు పడిపోయింది. మళ్లీ కడుపునిండా తిననిచ్చాక కండ పూర్తిగా కోలుకోకముందే కొవ్వు మునుపటి కంటే ఎక్కువైంది. నెలసరి ఆగిపోయిన మహిళల మీద 2011లో వచ్చిన అధ్యయనం ఇంకా సూటిగా చెప్పింది: కిలో కొవ్వు పోయినప్పుడు సుమారు 260 గ్రాముల కండ పోయింది, కిలో కొవ్వు తిరిగొచ్చినప్పుడు వచ్చిన కండ 120 గ్రాములే. పైగా పస్తులున్న ఒంటికి ఆకలి పెరిగి, ఖర్చు తగ్గి ఉంటుంది. డైట్ ఆపిన మొదటి ఆదివారం అంకాపూర్ నాటుకోడి పార్సిల్ విప్పేసరికి ఒళ్లు కాచుకుని కూర్చుంటుంది.

అపోహ: సన్నబడితే కొలెస్టరాల్ దానంతటదే దిగుతుంది.

రక్తంలోని కొవ్వులైన ట్రైగ్లిజరైడ్లు త్వరగానే దిగుతాయి. చెడ్డదనే ఎల్‌డీఎల్ అలా కాదు. బాగా లావున్నవాళ్లు వేగంగా తగ్గుతుంటే కొవ్వు కణాల్లోని కొలెస్టరాల్ రక్తంలోకి వచ్చి, మొదట దిగిన అంకె కొన్నాళ్లు పైకెక్కవచ్చు. మంచిదనే హెచ్‌డీఎల్ కూడా తాత్కాలికంగా పడవచ్చు. అందుకే డైట్ మధ్యలో నిజామాబాద్ ఖలీల్‌వాడిలో పరీక్షకు రక్తమిచ్చి, రిపోర్టు చూసి సంబరపడటమూ బెంబేలెత్తటమూ రెండూ తొందరే. బరువు నిలకడగా ఉన్న కొన్ని వారాల తర్వాత చేయించుకోండి. ఇలాంటి డైట్లలో కొవ్వు కోసం వాడే కొబ్బరి నూనెలో దాదాపు పదింట తొమ్మిది వంతులు సంతృప్త కొవ్వు, అది ఎల్‌డీఎల్‌ను పెంచుతుంది. బరువు తిరిగొస్తే తగ్గిన ట్రైగ్లిజరైడ్లూ తిరిగొస్తాయి. వారానికి కిలోన్నరకు మించి తగ్గేవాళ్లకు పిత్తాశయంలో రాళ్ల బెడద వేరే.

అపోహ: చక్కెర మానేసి బెల్లం తింటే చాలు.

శక్కర్‌నగర్‌లో 1937లో పుట్టిన నిజాం షుగర్స్ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది గానీ మన చాయ్‌లో తీపి మాత్రం తగ్గలేదు. వంద గ్రాముల చక్కెరలో 400 కేలరీలు, బెల్లంలో సుమారు 380. ఖర్చు కాక మిగిలిన తీపిని కాలేయం ట్రైగ్లిజరైడ్లుగా మార్చేస్తుంది, అది ఏ రంగుదైనా.

అపోహ: ఒకసారి మళ్లీ పెరిగితే ఇక తగ్గరు.

తగ్గుతారు. వారానికి అర కిలో చొప్పున, జొన్నరొట్టెకు పప్పో గుడ్డో జత చేసి, బరువులెత్తే వ్యాయామంతో కండ కాపాడుకుంటూ. కాటాతో పాటు టేపూ వాడండి: నడుము మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. షుగర్, బీపీ మందులు వాడేవాళ్లు తిండి తగ్గించే ముందే డాక్టరుకు చెప్పి డోసు సరిచేయించుకోవాలి. పాత డోసే మింగుతూ పస్తుంటే చక్కెర పడిపోయి స్పృహ తప్పే ప్రమాదముంది.